స్తూపం మీది మూడో పేరు

నా చిన్నప్పుడు, అంటే ఎనభైల్లో, గురజాల దాటాక వచ్చే మా ఊళ్ళో ఒక స్టేడియం ఉండేది. పేరుకే స్టేడియం. ఒకవైపు నాలుగు సిమెంటు మెట్లు, గేటు పక్కన ఒక స్తూపం. అడవిలో పశువులు మేపుకున్నందుకు పన్ను కట్టబోమని తెల్లదొరలకు ఎదురు నిలిచి తూటాలకు పోయిన ఏడుగురి పేర్లు దాని మీద చెక్కి ఉండేవి. మేం ఆ పేర్ల మీదే చొక్కాలు ఆరేసి కబడ్డీ ఆడేవాళ్ళం.

అక్కడి వాచ్‌మన్ తాత ఆ ఏడుగురిలో ఒకరికి తమ్ముడు. రోజూ పొద్దున్నే సున్నంతో గీతలు పోసేవాడు. చొక్కాలు చూసి కూడా మమ్మల్ని తిట్టలేదు. ఒక ఆదివారం మాత్రం, "జట్టుకు ఏడుగురేగా? ఇయ్యాల ఈళ్ళ పేర్లతో ఆడండిరా" అని మా జట్టుకు ఆ పేర్లు పంచాడు. మూడో పేరు నాకొచ్చింది. అది తాత వాళ్ళ అన్న పేరు.

ఆట చివరికి మా వైపు నేనొక్కడినే మిగిలాను. అవతలి జట్టు నుంచి పక్కింటి అన్న కూతకొచ్చాడు. అతని రెండు వేళ్ళు నా ఎడమ మడమను చీమ పాకినట్టు తాకాయి. ఎవరూ చూడలేదు.

"తగిలింది తాతా!" అన్నాడు.

"తగల్లా. కలగన్నాడు" అన్నాను.

"తగిలినోడికేరా తెలిసేది. నువ్వే చెప్పు" అన్నాడు తాత.

"తగల్లా."

పక్కింటి అన్నను మావాళ్ళు తొండిగాడని వెక్కిరించారు. అవతల మిగిలిన ఇద్దరినీ ఔట్ చేసి నేను ఆట గెలిపించాను. మూడో పేరు అరుస్తూ నన్ను భుజాలకెత్తుకున్నారు. తాత చప్పట్లు కొట్టలేదు. వంగి, చెరిగిన గీత మీద సున్నం పోసుకుంటున్నాడు.

మరుసటి ఆదివారం వేరే పేరు వస్తే బాగుండుననుకున్నాను. తాత నా దగ్గరకొచ్చి మెల్లగా, "నీకు మల్లా మూడోదే. ఈసారన్నా మా అన్నను తిన్నగా ఆడనియ్యరా" అన్నాడు.

ఆ రోజు మొదటి కూతలోనే నాకు చెయ్యి తగిలింది. ఎవరూ అడగకముందే చెయ్యెత్తి బయటికొచ్చాను. పోయిన వారం కూడా తగిలిందని అందరి ముందూ చెప్పాను.

"ఇప్పుడు చెప్తావేందిరా! వారం నుంచి బడంతా నన్ను తొండిగాడంటుంటే!" అన్నాడు పక్కింటి అన్న.

ఆనాటి నుంచి బాగుపడ్డానని రాయాలని ఉంది. కానీ అలా జరగలేదు. ఉద్యోగంలో, ఇంట్లో, తగిలిన ప్రతిసారీ తగల్లేదనే అన్నాను. నా బదులు ఇంకెవరో మాట పడ్డారు. ఇప్పుడు అలసిపోయాను. అబద్ధం నోటిదాకా వచ్చినప్పుడు ఎడమ మడమ మీద ఆ రెండు వేళ్ళు ఇప్పటికీ తెలుస్తాయి. కొన్నిసార్లు చెయ్యెత్తుతాను. ఎత్తని రోజులే ఎక్కువ.