లమోనే కారు రంగు

ఎర్మెస్ జక్కరోని ముప్ఫై నాలుగేళ్ళు ఫాయెంజా అనే ఊళ్ళో టైల్స్ ఫ్యాక్టరీలో రంగులు కలిపాడు. ఎవరి ఇంట్లోనైనా స్నానాల గదిలో పాత టైలు పగిలితే, ముక్కను చేతిరుమాల్లో చుట్టుకుని అతని దగ్గరికి వచ్చేవారు. అతను దాన్ని కిటికీ దగ్గర పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, మూడో రోజుకల్లా అదే రంగు తీసి ఇచ్చేవాడు. అతికించాక ఏది పాతదో ఏది కొత్తదో ఇంటివాళ్ళే పోల్చుకోలేకపోయేవారు. ఊళ్ళో అతని కంటికి అంత పేరు. అంత పేరున్న మనిషీ ఒక ఎరుపు దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు పప్పులో కాలేశాడు.

గురువారం సాయంత్రాలు స్టేషన్ దగ్గరి బార్ వెనకగదిలో ప్లాస్టిక్ కార్ల సంఘం కూడేది. మొదట్లో ఇరవై రెండు మంది ఉండేవారు, ఇప్పుడు తొమ్మిది మంది మిగిలారు. డబ్బాలో ముక్కలుగా వచ్చే బొమ్మకారును అతికించి, అరగదీసి, రంగు వేసి, అరచేతిలో పట్టేంత కారును నిజమైన కారులా నిలబెట్టడం వాళ్ళ పని. దానికోసం భార్యల చేత తిన్న చీవాట్లకు లెక్కలేదు. అన్ని కార్లూ వాళ్ళకు ఆనవు. నాలుగు చక్రాలూ బయటికి కనబడే పందెం కారే కారు. చక్రాల మీద రేకు కప్పి ఉంటే అది కూరగాయల బండితో సమానం.

కంపెనీలకు మాత్రం ఈ కార్ల మీద మనసు లేదు. ఏటా జనవరి మొదటి గురువారం అందరూ కూర్చుని ఉత్తరం రాసేవారు. అయ్యా, ఫలానా సంవత్సరపు ఫలానా కారు అచ్చు మీ గోదాములో ఉంది, దయచేసి మళ్ళీ పోయించండి, మేం ఇంతమందిమి కొంటాం అని. కార్యదర్శి ఒరియానో దాన్ని శుభ్రంగా టైపు చేసి ఆరు కంపెనీలకు పంపేవాడు. జవాబులు వచ్చేవి. ఎంతో మర్యాదగా ఉండేవి. వాటితోపాటు కొత్త క్యాటలాగు వచ్చేది, దాని నిండా యుద్ధ ట్యాంకులే. ఈ లెక్కన మన మనవలకు యుద్ధాలు తప్ప పందేలు జరిగినట్టే తెలీదని ఒరియానో ఏటా ఒకే మాట అని ఏటా సంతకం పెట్టేవాడు.

కార్లు దొరకనివాళ్ళ మధ్య ఒక కట్టుబాటు పుట్టింది. ఎక్కడా రాసి లేదు గానీ అందరూ పాటించేవారు. మళ్ళీ రాని డబ్బా ఒక్కటే ఉంటే దాన్ని తెరవకూడదు. రెండోది దొరికాక మొదటిది తెరవచ్చు. ఇదేం నియమమని బయటివాళ్ళు నవ్వేవారు. సంఘంలో ఎవరూ నవ్వేవారు కాదు.

ఎర్మెస్ దగ్గర అలాంటి డబ్బా ఒకటి ఉంది. లమోనే కారు. ఊరి పక్కన పారే ఏటి పేరు పెట్టుకుని, పక్క వీధి షెడ్డులో పుట్టి, డెబ్బై తొమ్మిదిలోనూ ఎనభైలోనూ పరుగెత్తిన చిన్న జట్టు అది. ఎప్పుడూ గెలవలేదు. ఒకసారి వానలో నాలుగో స్థానం వచ్చింది, ఆ రోజు ఊళ్ళో చర్చి గంటలు కొట్టారు. దూరదేశంలో ఒక చిన్న కంపెనీ ఆ రెండేళ్ళ కార్లన్నీ బొమ్మలుగా పోస్తూ దీన్నీ పోసింది. ఒక్కసారే. తర్వాత ఆ కంపెనీయే మూతపడి, అచ్చులు వేరేవాళ్ళ చేతికి పోయాయి. ఎనభై ఎనిమిదిలో దొరికిన ఆ డబ్బాను ఎర్మెస్ బట్టల బీరువా పైఅరలో దుప్పట్ల మధ్య పెట్టి ఈగ వాలకుండా చూసుకున్నాడు. పెళ్ళికి వచ్చిన పింగాణీ కంచాల్లో కూడా మనం తిన్నాం, అదొక్కటే తియ్యవు అని భార్య వాండా దెప్పేది.

ఆ కారు కోసం ఎదురుచూసే మనిషి ఇంకొకడున్నాడు. లెయార్కో. లమోనే జట్టు మెకానిక్కుల్లో బతికున్నది ఆయనొక్కడే. సంఘం పుట్టినప్పటినుంచీ గురువారాలు వచ్చి, ఎర్మెస్‌కు రెండు కుర్చీల అవతల కూర్చునేవాడు. బొమ్మలు చెయ్యడు, చేసేవాళ్ళను చూస్తాడు. అందరూ ఆయన్ని మేస్త్రీ అని పిలిచేవారు. పెట్రోలు ట్యాంకు మూతకు బోల్టులెన్ని, గొట్టం ఏ పక్కనుంచి పోతుంది అని ఆయన్ని పీక్కుతినేవారు. ఆయన గ్లాసులో ద్రాక్షసారా పోసుకుని, ఓపిగ్గా, వేళ్ళతో గాలిలో బోల్టులు బిగిస్తూ చెప్పేవాడు. ఎంత హాయిగా ఉండేవి ఆ సాయంత్రాలు. కిటికీ అద్దాలు ఆవిరి పట్టేవి, జిగురు వాసనా వేడి రొట్టె వాసనా కలిసిపోయేవి, తొమ్మిది గంటలకు ఎవరికీ ఇంటికి పోబుద్ధయ్యేది కాదు. 

వెళ్ళేముందు మేస్త్రీ ఒక్కటే అడిగేవాడు, నా కారు ఎప్పుడు చేస్తావని. రెండోది దొరకనివ్వండి అనేవాడు ఎర్మెస్. అలా ముప్ఫై ఒక్క జనవరులు గడిచాయి.

ఒక సెప్టెంబరు గురువారం మేస్త్రీ తన గ్లాసనుకుని ఒరియానో గ్లాసు ఎత్తాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కంటి మధ్యలో మచ్చ పడిందని, అది పెరుగుతోందని, క్రిస్మస్ దాకా ఎంత కనబడితే అంతేనని డాక్టరు అన్నట్టు నెమ్మదిగా చెప్పాడు. ఎర్మెస్‌ను ఆయన ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఎర్మెస్‌కు ముల్లులా గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి డబ్బా తెరిచాడు.  మూత తీసి వంగి చూశాడు. రబ్బరు టైర్లు కారు ఒంటిని ఆనుకుని అన్నేళ్ళు ఉండటంతో, టైర్లలోని నూనె ఊరి ప్లాస్టిక్‌ను తినేసింది. ముక్కు భాగంలో టైరు ఆకారంలో గుంట. అడుగుపలకలో రెండు గుంటలు. కారు మీద అతికించే అంకెల కాగితం పసుపుపచ్చగా మారి, ముట్టుకుంటే పెళుసుగా రాలింది. వాండా వచ్చి చూసింది. ఎప్పుడూ దెప్పే మనిషి ఆ రోజు కాఫీ పెట్టి తెచ్చింది. తొలి ఏడే తెరిచి ఉంటే ఇది నిక్షేపంగా ఉండేది, నేనే దీన్ని దాచి దాచి చంపేశాను అన్నాడు ఎర్మెస్.

గుంటలు పూడ్చాడు, అరగదీశాడు, మళ్ళీ పూడ్చాడు. అంకెలు సన్న కుంచెతో చేత్తో రాశాడు. రెండు వారాల్లో అయ్యేదాన్ని రెండు నెలలు చేశాడు, అతని పనితనం అలాంటిది. డబ్బాలోని కాగితంలో ఎరుపు అని ఉంది కాబట్టి, చూసినవాళ్ళ కళ్ళు జిగేల్మనేలా ఎరుపు వేశాడు.

నవంబరు చివరి గురువారం కారును బార్‌కు తెచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. ఒరియానో కళ్ళు తుడుచుకున్నాడు. మేస్త్రీకి అప్పటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. కారును రెండు చేతుల్లోకి తీసుకుని వేలి కొసలతో ముక్కు నుంచి వెనక రెక్క దాకా నిమిరాడు. పూడ్చిన చోట్లు ఆయనకు తెలియలేదు. అంతా సరిగ్గా ఉందన్నాడు.

"రంగేం వేశావు?"

"ఎరుపు. మంచి నిగనిగలాడే ఎరుపు."

మేస్త్రీ వేళ్ళు ఆగిపోయాయి.

"అది ఎరుపు కాదు అబ్బాయ్. మొదటి పందెం మూడు రోజులుందనగా ఎరుపు సగం కారుకే అయిపోయింది. ట్రాక్టర్లకు వేసే నారింజరంగు ఓ డబ్బా ఉంటే బకెట్లో పోసి కర్రతో కలిపింది నేనే. ఉన్నన్నాళ్ళూ ఆ రంగుతోనే తిరిగింది."

 ఈ మాట ఎన్నడూ చెప్పలేదేం అని ఎర్మెస్ అతి కష్టం మీద అడిగాడు.

"బోల్టులు అడిగారు, చెప్పాను. రంగు ఎవరూ అడగలేదు. రంగుల మనిషివి, నీకు తెలుసనుకున్నాను."

అసలు కారు ఏనాడో అమ్ముడుపోయి, వేరే రంగు పూసుకుని, ఎక్కడో తుక్కయింది. ఊళ్ళో ఉన్న రెండు ఫొటోలూ ఎండకు వెలిసి గులాబీరంగుకు తిరిగాయి. ఆ రంగు మేస్త్రీ తలలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. ఒక డబ్బా కోసం సముద్రాల అవతలికి ఉత్తరాలు రాసి, రెండు కుర్చీల అవతలి మనిషిని ఒక్కమాట అడగలేదని ఎర్మెస్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సిగ్గు వేసింది. నిజానికి సిగ్గు కంటే దుఃఖమే ఎక్కువ.

మర్నాటినుంచి రోజూ పొద్దున మేస్త్రీ ఇంటికి వెళ్ళాడు. తెల్ల ప్లాస్టిక్ చెంచాల మీద రంగులు పూసి, మేస్త్రీ మాటలతో పోల్చుకోవడానికి పట్టుకెళ్ళేవాడు. మేస్త్రీ మాటలతో చెప్పేవాడు. దోర టమాటా, కాడ దగ్గర ఇంకా పండని చోటు కాదు, దాని కిందిది అనేవాడు. వానలో కొంచెం గోధుమవన్నె తిరిగేదనేవాడు. ఎర్మెస్ ఇంటికొచ్చి కలిపేవాడు. పదకొండు చెంచాలయ్యాయి. డిసెంబరు రెండో వారంలో ఎర్మెస్ పాత రంగు గీకేసి, ఆ మాటలకు అన్నిటికంటే దగ్గరగా తోచిన ఏడో చెంచా రంగు వేసి, కారును మేస్త్రీ ఒడిలో పెట్టాడు. కిటికీలోంచి ఎండ పడుతోంది. మేస్త్రీ మొహం ఎండవైపు ఉంది.

"ఎలా ఉందో చెప్పు."

ఎర్మెస్ చెప్పాడు. ముక్కు మీద ఎండ పడ్డచోట నారింజ పైకి తేలుతోందని, పక్కలకు వచ్చేసరికి ఎరుపు లోపలికి దిగుతోందని, రెక్క కింద నీడలో ఇటుకపొడిలా ఉందని చెప్పాడు. చెప్పి ఆగాడు. అబద్ధం ఆడటం అతని చేత కాలేదు.

"ఇదేనో కాదో నాకు తెలీదు మేస్త్రీ. మీరు చూసుంటే చెప్పేవారు. మీకు చూపు ఉండగా నేను చెయ్యలేదు."

మేస్త్రీ బొటనవేలితో కారు ముక్కును నిమిరాడు.

"నాకూ తెలీదురా. నీకు చెప్పలేదు గానీ, ఈమధ్య కళ్ళు మూసుకున్నా ఆ రంగు రావడం లేదు. అన్నీ వస్తున్నాయి, షెడ్డు వస్తోంది, బకెట్టు వస్తోంది, రంగు మాత్రం రాదు. ఇప్పుడు నువ్వు చెబుతుంటే వచ్చింది. ముక్కు దగ్గర్నుంచి మళ్ళీ చెప్పు."

ఎర్మెస్ కుర్చీ దగ్గరికి లాక్కుని, ముక్కు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.