చావు లేనివాడు అని పెట్టిన పేరు

మా అపార్టుమెంటులో కుక్కలన్నీ గ్రీకు దేవుళ్ళే. లాన్‌లో నిలబడి జూస్ అని పిలిస్తే రెండు బ్లాకుల నుంచి తోకలు ఊపుకుంటూ వస్తాయి. అపోలోలు ఎంతమందో నేను లెక్క వదిలేశాను. మనుషులం మాత్రం ఒకరికొకరం ఫ్లాటు నంబర్లమే. అందుకని మగ కుక్కపిల్లను తెచ్చిన రోజే మా అమ్మాయి దీనికీ గ్రీకు పేరే పెట్టాలని పట్టుబడితే నాకేం ఆశ్చర్యం కలగలేదు. నా భయం వేరే.

అంతకు ముందు మా ఇంట్లో రెండు కుక్కపిల్లలు పోయాయి. రెండూ పార్వో అనే వైరస్ జబ్బుతోనే. వాంతులు, రక్తవిరేచనాలు, చూస్తుండగానే కళ్ళు లోపలికి పోవడం. రెండోది నా ఒళ్ళోనే పోయింది. ఆ వైరస్ నేలను పట్టుకుని నెలల తరబడి ఉండిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. బ్లీచింగ్ నీళ్ళతో ఇల్లంతా కడిగి, ఏడాది దాటేదాకా ఆగి, అప్పుడు ఈ మూడోదాన్ని తెచ్చాం. అయినా అది టైల్స్ మీద బోర్లా పడుకుని నేల నాకుతుంటే నాకనివ్వకండి అని ఇంటిల్లిపాది మీదా అరిచేదాన్ని. కుక్కను నేల నాకకుండా ఆపడం ఎవరి తరం?

పేరు మా అమ్మాయే వెతికింది. యుద్ధ దేవుడి పేరు మా ఆయనకు నచ్చలేదు, సముద్ర దేవుడి పేరు నాకు నోరు తిరగలేదు. చివరికి ఒకటి పట్టుకొచ్చింది. చావు లేనివాడు అని దానికి అర్థమట. రెండు పోగొట్టుకున్న ఇల్లు కదా, వినగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముచ్చటగా పళ్ళెంలో బియ్యం పోసి పసుపు కొమ్ముతో ఆ పేరు రాశాం. మా అమ్మాయి దాని చెవిలో మూడుసార్లు చెప్పింది. చెవి దులుపుకుంది వెధవ. మొదటి టీకాకు తీసుకెళ్ళినప్పుడు క్లినిక్కు కార్డు మీద కూడా అదే రాయించాం.

మా అత్తగారు మాత్రం ఆ బియ్యం వండనివ్వలేదు. ఆవిడది ఈ కన్నడ నగరంలోనే ఉన్న బొమ్మనహళ్ళి. తాతల నాటి నుంచీ అక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళు. గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చిన నాకు ఆవిడ మాటల్లో సగం మొదట్లో అర్థమయ్యేవి కావు. ఆ రోజు మాత్రం బాగానే అర్థమయ్యాయి.

"రెండు పోయిన ఇంట్లో చావులేనోడని పిలుస్తారామ్మా? వినేటోడు వింటా ఉండాడు."

 

మా ఆయన కంటే ముందు ఆవిడకు ఇద్దరు పుట్టి పోయారు. ఈయన పుట్టగానే చాటలో వేసి పెంటదిబ్బ మీద పెట్టి, పక్కింటావిడ చేత ఎత్తించి, గుప్పెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కున్నారు. పేరు కూడా దిబ్బ పేరే పెట్టారు. పెంటయ్య, తిప్పయ్య లాంటి పేర్లన్నీ అలా వచ్చినవే కదా. పనికిరానిదని చెబితే మృత్యువు చూడకుండా దాటిపోతుందని నమ్మకం. ఈయన కుందలహళ్ళిలో ఆఫీసు వాళ్ళకు ఆ పేరులో మొదటి అక్షరం మాత్రమే చెబుతారు. పెళ్ళయిన కొత్తలో ఆ పేరు మీద నేను చాలానే ఆట పట్టించాను.

వర్షాలు మొదలైన వారంలో ఒక పొద్దున కుక్కపిల్ల గిన్నె దగ్గరికి రాలేదు. సోఫా కింద దూరి ముఖం గోడవైపు పెట్టుకుంది. ఆ వాసన నాకు వెంటనే తెలిసింది. రెండుసార్లు చూసిన ఇల్లాలికి మూడోసారి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను కారు తాళాలు వెతుకుతుంటే అత్తగారు చాట తీసింది. తవుడు కూడా ఉంది. ఎప్పుడో బొమ్మనహళ్ళి దాణా కొట్టు నుంచి తెచ్చి దాచుకుందట. అంటే ఆవిడ ఈ రోజు కోసం కాచుకునే ఉంది. నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఇవన్నీ ఏమిటని కసిరాను. మా ఆయన మాత్రం కుక్కపిల్లను ఎత్తి చాటలో పడుకోబెట్టారు.

మా అపార్టుమెంటుకు పెంటదిబ్బ ఎక్కడిది? బేస్‌మెంట్‌లో తడిచెత్త డ్రమ్ముల పక్కన చాట పెట్టారు. ఊడ్చే ఆవిడ ఏమీ అడక్కుండానే పిల్లను ఎత్తుకుంది. ఆవిడకూ ఈ పద్ధతి తెలుసు. అత్తగారు తవుడు ఆవిడ కొంగులో పోసి పిల్లను వెనక్కి తీసుకుంది. ట్యూబులైటు మినుకుమినుకుమంటోంది. పిల్ల మూలగడం కూడా మానేసింది.

ఇక పేరు మార్చాలి. గ్రీకు పేరు పోతుందని మా అమ్మాయి ఏడుస్తూ కారులో ఫోనంతా వెతికింది. పూర్వం గ్రీకు మాట్లాడేవాళ్ళు కూడా చెత్తకుప్ప మీద దొరికిన పసిబిడ్డలకు పెంట అని అర్థమొచ్చే పేరు పెట్టేవారట. కోప్రియస్. అంతవరకూ ముడుచుకుని కూర్చున్న అత్తగారు తల తిప్పి, అట్లయితే వాళ్ళకూ బిడ్డలు పోయినట్లుండాదే అంది. తనే కోప్రీ అని దాని చెవిలో మూడుసార్లు చెప్పింది.

క్లినిక్కులో జనం. ఒళ్ళో పిల్లను పెట్టుకుని అత్తగారు, పక్కన నేను. కౌంటర్‌లో అమ్మాయి కార్డులు చూసి ఒక్కొక్కరినే పిలుస్తోంది. మా కార్డు మీద పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆ అమ్మాయి గట్టిగా ఆ పాత పేరే పిలిచింది.

నేను లేవబోయాను. అత్తగారు నా మణికట్టు పట్టుకుంది. రెండో చేత్తో పిల్ల రెండు చెవులూ మూసింది. ఆ అమ్మాయి మళ్ళీ పిలిచి, మా వైపే చూసి, మీదే కదా అని అడిగింది.

"మాది కాదమ్మా," అంది అత్తగారు. "దిబ్బ మింద దొరికినాది ఇది. దీన్ని ఎవురూ పిలవల్యా."

చదువుకున్నదాన్ని, అవతల ఒక్కో నిమిషమూ విలువైనదని తెలిసినదాన్ని. లేచి మాదేనని చెప్పాలి. నోరు తెరిచాను. డాక్టరమ్మ గది గుమ్మంలో అప్పుడెవరూ లేరు. కానీ అందరూ అటే చూస్తున్నట్టు నాకనిపించింది. నేనూ తల అడ్డంగా ఊపాను. వేరేవాళ్ళు లోపలికి వెళ్ళారు. మా ఆయన వెళ్ళి కౌంటర్‌లో ఏదో చెప్పి కార్డు దిద్దించేదాకా మేమిద్దరం అలాగే కూర్చున్నాం. తరువాత కోప్రీ అని పిలిస్తే లేచాం.

అది బతికింది. సెలైన్ల వల్లే బతికిందని డాక్టరమ్మ చెప్పింది, నేనూ అందరికీ అదే చెబుతాను. కానీ ఇదంతా రాస్తూ ఆ మొదటి పేరు ఒక్కచోట కూడా రాయలేకపోయాను. ఒకసారి రాసి వెంటనే కొట్టేశాను. కోప్రీ నా కాళ్ళ దగ్గరే పడుకుని నేల నాకుతోంది.