దాచిన ఆసు

మా తోడికోడలు పోయిందని మొన్న మంగళవారం పొద్దున్న దేవరాపల్లి నుంచి ఫోను వచ్చింది. చేసింది ఆమె కొడుకు. "పిన్నీ, అమ్మ ఎల్లిపోయింది" అన్నాడు, అంతే. చోడవరంలో బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. అక్కడికి వెళ్ళేసరికి వాకిట్లో జనం. ఒకరి తర్వాత ఒకరు ఆమె మంచితనం చెప్పుకుంటున్నారు. నేను పోతే ఇంతమంది వస్తారా, ఇన్ని మాటలు అనుకుంటారా అనిపించింది నాకు, ఆ ఏడుపులోనే. చదివేవాళ్ళు ఏమనుకున్నా సరే, ఆమెను గురించి రాస్తూ నా కుళ్ళు దాచిపెడితే అబద్ధం రాసినట్టే.

నేను కోడలిగా వచ్చేనాటికి ఆమె ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా ఉంది. మా మావగారు విశాఖపట్నంలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. అక్కడి ఆఫీసర్ల దగ్గర బ్రిడ్జి నేర్చుకున్నారు. చోడవరంలో పేకాటంటే రమ్మీయే. బ్రిడ్జికి నలుగురుండాలి, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఎదురింటి పోస్టుమాస్టరు గారొకరు దొరికారు. ఇంకో ఇద్దరి కోసం మావగారు కొడుకులవైపు చూసి, లాభం లేదని తేల్చుకుని, కోడళ్ళని కూర్చోబెట్టారు.

ఆమె చదువు ఎనిమిదో తరగతి. నేను బుచ్చయ్యపేట దగ్గర బళ్ళో లెక్కల టీచర్ని. ఆట ముందు నాకు పట్టుబడాలి. ఆమెకు పట్టుబడింది. పడిపోయిన ముక్కలన్నీ వరసగా చెప్పేది. ఆలోచించేటప్పుడు కింది పెదవి మునిపంట నొక్కి, చేటలో బియ్యం ఏరుతున్నంత శ్రద్ధగా ముక్కలవైపు చూసేది. ఎలా తెలుస్తుందక్కా అని అడిగితే, "ముక్కల్నే సూస్తే ఏటి తెలుస్తాది? మనిసిని సూడు. రాజున్నోడు తిన్నగా కూకోలేడు" అనేది.

మావగారు ఎప్పుడూ ఆమెనే జట్టుగా పిలిచేవారు. నాకు ఎదురుగా పోస్టుమాస్టరు గారు, చేతిలో ముక్కలతోనే కునికిపాట్లు పడుతూ. ఏళ్ళకేళ్ళు అలాగే నడిచింది.

ఒక ఏడు అనకాపల్లిలో ఒక క్లబ్బువాళ్ళు జంటల పోటీ పెట్టారు. అప్పటికి మావగారికి చూపు తగ్గింది. "మీరిద్దరూ ఆడండి, నేను పక్కన కూర్చుంటాను" అన్నారు. హాల్లో ఆడవాళ్ళం మేమిద్దరమే. అక్కడ ఒకే పంపకాన్ని అన్ని బల్లలమీదా తిప్పి ఆడిస్తారు. ముక్కలు బాగా రాలేదని తప్పించుకోవడానికి లేదు. మధ్యాహ్నానికి మేం రెండో స్థానంలో ఉన్నాం. టీ తాగుతుంటే ఎవరో మావగారి దగ్గరికొచ్చి మెచ్చుకున్నారు. ఆయన మురిసిపోతూ, "పెద్దదాందండీ ఆట. చిన్నది సాయానికి" అన్నారు. నేను ఆయన వెనకాలే నిలబడి ఉన్నాను.

ఆ తర్వాత నాలుగైదు పంపకాలకే వచ్చింది ఆ ఆట. బ్రిడ్జిలో ఆడేముందు ఎన్ని పట్లు పడతామో పాట పాడాలి. పదమూడింట్లో పన్నెండు పడతామని పాడి, అన్నీ పట్టి చూపిస్తే అది స్లామ్. ఆమె ఇస్పేటు పాడింది. నా దగ్గరా మంచి ఇస్పేట్లున్నాయి. పాట పెంచాను. ఆమె పెదవి కొరుక్కుంది. నీ దగ్గర ఆసులెన్ని అని అడిగే పాట ఒకటుంది, అది పాడింది.

నా చేతిలో రెండున్నాయి. రెండని చెబితే ఆమె స్లామ్‌కి వెళ్తుంది. ఆడేది ఆమే. జనం ఆమె వెనకాల మూగుతారు. నేను ముక్కలు బల్లమీద పరిచేసి, డమ్మీగా నోరు మూసుకుని కూర్చోవాలి. సాయానికి.

ఒకటే ఉందని చెప్పాను.

ఆమె ఐదు దగ్గర ఆగిపోయింది. మొదటి ఆరు పట్లు లెక్కలోకి రావు కాబట్టి ఐదంటే పదకొండు, ఆరు పాడితేనే స్లామ్. నేను ముక్కలు పరిచాను, రెండు ఆసులూ పక్కపక్కనే. వాటివైపు చూసింది, నా మొహంవైపు చూసింది. "థాంక్యూ చెల్లీ" అంది. డమ్మీ పరిచాక అలా అనాలని మావగారు నేర్పిన మర్యాద. తర్వాత తొణక్కుండా పన్నెండు పట్లూ పట్టింది. మిగతా బల్లలమీద చాలామంది స్లామ్ పాడి ఆడేశారు. మేం మూడో స్థానానికి జారిపోయాం. కప్పులు మొదటి రెండు జంటలకే.

తిరుగు బస్సులో మావగారు, "పన్నెండు పట్టేవు కదమ్మా, ఐదులో ఎందుకాగిపోయేవు?" అని అడిగారు. ఆమె కిటికీలోంచి చెరకు తోటలవైపు చూస్తూ, "నాదే తప్పు మావయ్యా. ఆసులు లెక్కెట్టడంలో పొరపడిపోయేను" అంది.

"పోనీలే, ఎవరికైనా అవుతుంది" అని ఆయన ఆమె తలమీద చెయ్యి వేశారు. నన్ను కాపాడింది, నేను సంతోషించాలి. నాకు మంట ఇంకా పెరిగింది. నా తప్పు నెత్తిన వేసుకుని కూడా ఆమే మంచిదైపోయింది.

ఏడేళ్ళపాటు ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఈలోగా మావగారు పోయారు. కొడుకు ఉద్యోగం దేవరాపల్లిలో కావడంతో ఆమె అక్కడికి వెళ్ళిపోయింది. ఒకసారి చూడ్డానికి వెళితే, పెరట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండా అడిగింది:

"ఆ రోజు రెండో ఆసు కనపళ్ళేదేటే నీకు?"

"కనపడింది" అన్నాను.

"తెలుసులే. కళ్ళజోడెట్టుకునే ఉన్నావు."

ఇంకో నాలుగు కాయలు ఒలిచాక మళ్ళీ తనే అంది. "నాకూ ఉండీదే కుళ్ళు. పొద్దున్నే నువ్వు సంచీ తగిలించుకుని బస్సుకెల్తుంటే వంటింటి కిటికీలోంచి సూసీదాన్ని. ఓసారి నీ కేరేజీ కూరలో రెండుసార్లు ఉప్పేసేను. కావాలనే."

ఆ కూర నాకు గుర్తుంది. పాపం మరిచిపోయి వేసిందనుకుని, నోరు మెదపకుండా తిన్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇద్దరం పళ్ళెం పక్కకు తోసేసి, కళ్ళంట నీళ్ళొచ్చేదాకా నవ్వాం. దాంతో నా కుళ్ళు పోయిందని మాత్రం చెప్పను. నేను ఏడేళ్ళు లోపల కుక్కుకున్నదాన్ని ఆమె కాయలు ఒలుస్తూ తేల్చేసింది. అదీ నాకు చేతకాదు.

కిందటి నెల ఆమె మంచంమీద ఉండగా వెళ్ళాను. కొడుక్కీ కోడలికీ ఎప్పుడో ఆట నేర్పేసింది. "నలుగురం ఉన్నాం కదే, ఓ ఆట ఆడదాం" అంది. దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం. నేను ఆఠీను పాడాను. ఆమె నన్ను కళ్ళతో తూచి, "ఆరు" అంది. స్లామ్. ఆడేది నేను. ఆమె ముక్కలు దుప్పటిమీద పరిచి కళ్ళు మూసుకుంది. ఒక్కో ముక్కా తడుముకుంటూ చివరికి పన్నెండు పట్టాను. ఆమె ఎదురుగా నేను ఆడి గెలిచిన స్లామ్ అదొక్కటే. మెచ్చుకుంటుందని చూశాను.

"బాగానే ఆడేవు" అంది. "నేనైతే పదమూడు తెద్దును."

నాకు ఒళ్ళు మండింది. మంచంలో ఉన్న మనిషని కూడా చూడకుండా, "ఎలాగ? చూపించు" అన్నాను.

ఎవరికి ఏవొచ్చాయో తనే గుర్తుచేసుకుని చెబుతూ నలుగురి ముక్కలూ మళ్ళీ దుప్పటినిండా పరిపించింది. చేతులు లేవడం లేదు. ఒక్క వేలితో చూపిస్తుంటే కోడలు ముక్కలు తీస్తోంది. ఇది ఆడు, దాన్ని తురుపుతో కొయ్యి, ఇంకో కళావరు కూడా కొయ్యి. పన్నెండు పట్లయ్యాయి. ఆఖరికి నాలుగు ముక్కలు మిగిలాయి, అందులో ఆమెది కళావరు ఏడు. దాన్ని కొట్టే ముక్క ఇంకెవరి దగ్గరా లేదు. ఆ వేలు ఏడు మీద ఆగింది. కొడుకూ కోడలూ నవ్వేశారు. నేను నవ్వలేదు. ఆ వేలివంకే చూస్తూ ఉండిపోయాను.