మల్లేశం వయసులో నేను చేసిన ఏడాది తప్పు

1949 వేసవి. పోలీస్ చర్య జరిగి ఇంకా ఏడాది నిండలేదు. నల్గొండలో జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో నేను గుమాస్తాని. నిజాం కాలపు ఉర్దూ సర్టిఫికెట్లకు ఇంగ్లీషు నకళ్లు రాసి, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ గారి సంతకం పెట్టించి, లక్క ముద్ర వేసి పంపడం నా పని. మద్రాసు వైపు నుంచి వచ్చిన ఆ కొత్త ఇన్‌స్పెక్టర్ ఇంగ్లీషు సరిగా రాని పాత గుమాస్తాలను ఒక్కొక్కరినే ఇంటికి పంపుతున్నారు. నాకూ ఆ భయం ఉండేది.

మోత్కూర్ దగ్గర గొర్రెలు కాసే బీరయ్య కొడుకు మల్లేశం అప్పుడే వచ్చాడు. హైదరాబాదులో బి.కాం. మొదటి ఏడాది ఉర్దూలో చదివాడు. రెండో ఏడాదికి బొంబాయి మారాలనుకున్నాడు. కొత్త కంపెనీల వాటాలు జనానికి అమ్మిపెట్టి పెట్టుబడి సమకూర్చే సంస్థలు అక్కడున్నాయని, వాటిలో చేరాలంటే అక్కడి డిగ్రీయే కావాలని ఎవరో ప్రొఫెసరు చెప్పారట. అదేం కొలువని అడిగితే నవ్వాడు.

"మా మందల పది ఇండ్ల గొర్లుంటయి మున్షీసాబ్. ఒక్క ఇంటి గొర్లతోని మంద గాదు. మిల్లు గూడ గంతే. గా పది ఇండ్లను కలిపే పని."

ఒక విశ్వవిద్యాలయం విడిచి మరోదానికి పోవడానికి ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్ హైదరాబాదు నుంచి నేరుగా బొంబాయి వెళ్లింది. వయసు రుజువుకు మెట్రిక్ సర్టిఫికెట్ నకలు మా కార్యాలయం పంపాలి. అందులో పుట్టినతేదీ నిజాం సర్కారు వాడిన ఫసలీ పంచాంగం లెక్కలో ఉంటుంది. ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది. అందుకని డిసెంబరు ఆఖరులోపు పుట్టినవారికి 590, ఆ తర్వాత పుట్టినవారికి 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మల్లేశం పుట్టింది 1338 దై నెలలో, అంటే నవంబరులో. నేను నెల చూడకుండా 591 కలిపాను. 1928కి బదులు 1929 అయింది. ముద్ర వేసిన కవరు కావడంతో అతను చూసే వీలే లేదు.

నెల తర్వాత బొంబాయి కాలేజీ దాన్ని తిప్పి పంపింది. మైగ్రేషన్ సర్టిఫికెట్లో ఒక వయసు, మా నకలులో ఇంకో వయసు ఉన్నాయి, పదిహేను రోజుల్లో సంజాయిషీ రాకపోతే సీటు పోతుందని రాశారు.

"ఏమయ్యా, ఇది నువ్వు రాసిందేనా?" అని ఇన్‌స్పెక్టర్ అడిగారు.

"ఆ అబ్బాయి చెప్పిన తేదీయేనండీ" అన్నాను.

నేనతన్ని తేదీ అడగనే లేదు. నౌకరీ కోసం ఒక ఏడు తగ్గించుకోవడం అప్పట్లో మామూలే కాబట్టి ఆయన నమ్మారు. విచారించమని పోలీసులకు రాశారు. కమ్యూనిస్టు దళాల సాయుధ పోరాటం సాగుతున్న రోజులు. మా జిల్లా కుర్రవాడి చేతిలో దొంగ కాగితం అంటే దాని అర్థం వేరు. పోలీసు క్యాంపు వాళ్లు మల్లేశాన్ని పట్టుకుపోయి, ఏ దళంలో ఉన్నావని రెండు రోజులు అడిగారు.

బీరయ్య గొంగడి భుజాన వేసుకుని మోత్కూర్ నుంచి నడిచొచ్చాడు. "సారూ, కాగితం రాసినోడివి నువ్వు. మావోడు దొంగతనం జేసిండా, నువ్వే జెప్పు" అన్నాడు. పై అధికారులను అడగమని పంపేశాను. ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను వదలలేదు.

వాళ్లకు ఏ ఆధారమూ దొరకక మల్లేశాన్ని వదిలేశారు. తిన్నగా నా దగ్గరికే వచ్చి, తిరిగొచ్చిన నకలు చూపమన్నాడు. చూసి, వేళ్ల మీద లెక్క వేశాడు.

"దై నెలకు ఐదొందల తొంభై గలుపాలె. నువ్వు తొంభై ఒకటి గలిపినవు" అన్నాడు మెల్లగా. "నేను జెప్తే నీ నౌకరి పోతది. నువ్వే జెప్తే గిది దిద్దుబాటు అయితది. నాకు ఇంక నాలుగు దినాలే ఉన్నయి."

బెదిరింపు కాదది. ఎవరికీ నష్టం లేని దారి వెతికి నా ముందు పెట్టాడు. నేను లేచి ఇన్‌స్పెక్టర్ గదిలోకి వెళ్లి, తప్పూ అబద్ధమూ రెండూ ఒప్పుకున్నాను. ఆయన చాలా తిట్టారు గానీ తీసెయ్యలేదు. అప్పటికప్పుడే కొత్త నకలు రాయించి సంతకం చేశారు, బొంబాయికి తంతి ఇచ్చారు, పోలీసులకు ఉత్తరం రాశారు. పాత నకళ్లన్నీ మళ్లీ లెక్కించమన్నారు. ఇంకో ఆరుగురు పిల్లల కాగితాల్లో అదే తప్పు దొరికింది.

ఈసారి కవరును నమ్మకుండా మల్లేశం కాగితాన్ని చొక్కాలో పెట్టుకుని రైలెక్కాడు. గడువుకు ఒక రోజు ముందు సీటు ఖాయమైంది. రెండేళ్లలో మొదటి తరగతిలో ప్యాసై, తను కోరుకున్న సంస్థలోనే చేరాడు. అక్కడివాళ్లు మూడుసార్లు ఇంటర్వ్యూ చేశారట. మూడోసారి మంద సంగతే చెప్పానని ఉత్తరం రాశాడు. ఇప్పుడు మన వైపు పెట్టబోయే నూలు మిల్లుకు వాటాలు సేకరిస్తున్నది అతనే.

మొన్న నల్గొండలో అతనికి సన్మానం జరిగింది. ఆ రోజుల్లో అతన్ని బొంబాయి పంపిన పుణ్యాత్ముడని నాకూ శాలువా కప్పారు. బీరయ్య ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. మల్లేశం నిజం చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అందుకే ఇది రాస్తున్నాను. అతను బొంబాయి వెళ్లింది తన తెలివితో. నేను చేసింది దారికి అడ్డుపడటం, ఆ తర్వాత పక్కకు తప్పుకోవడం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ముద్ర వేసే ముందు ఆ నకలు ఎవరిదో వాళ్లకు చదివి వినిపించండి. వాళ్ల పుట్టుక మనకన్నా వాళ్లకే బాగా తెలుసు.