శబ్దం పోయిన ఇరుసు

రాజమండ్రిలో రైలు దిగి, రావులపాలెం మీదుగా మలికిపురం చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. తుపాను వెళ్లి మూడో రోజు. వాన ఇంకా వదల్లేదు. దారి పొడుగునా కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి నిలబడి ఉన్నాయి. మాకిచ్చిన బస ఒక హైస్కూలు. బల్లలు వరండాలోకి తోసి తరగతి గదుల్లో పక్కలు పరిచాం. బళ్లను ఆటస్థలంలో వరుసగా నిలిపాం.

ఇది తొంభైల నాటి మాట. నేను సైన్యంలో మెకానిక్‌ని, నాయక్ హోదా. మాది రాజోలు వైపు. భాష తెలుసని సహాయదళంతో పంపారు. దళంలో ఈ ప్రాంతంవాడు ఇంకొక్కడే, వన్‌టన్ ట్రక్కు డ్రైవరు. కొత్తపేట దగ్గర పల్లె. నాకంటే చిన్నవాడు, నన్ను గురువుగారూ అనేవాడు. వాళ్ల ఇంటికప్పు ఎగిరిపోయిందని కబురొచ్చింది. వెళ్లి చూసి రమ్మన్నాను.

"ఎగిరిపోయిందాన్ని నేనెళ్లి పట్టుకుంటానేంటండీ?" అన్నాడు.

మా పని సముద్రం వైపు ఒక పల్లెకు మంచినీళ్లు చేర్చడం. అక్కడి బావుల్లో ఉప్పునీరు చేరింది. కాలువగట్టు ఒక్కటే దారి. బండికి అటూ ఇటూ ఒక్కో అడుగు మిగులుతుంది, అంతే. మొదటి రోజే రేడియో ఆపరేటరు నన్ను పిలిచి హ్యాండ్‌సెట్ ఇచ్చాడు. అవతల మా డ్రైవరు.

"కూరుకుపోయిందండీ. వెనక ఎడమది గిర్రున తిరుగుతోందండి. కుడిది చూస్తా కూర్చుందండి. ఓవర్."

"బ్రేకు సగం తొక్కి పట్టి మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వు. ఓవర్."

కాసేపు గరగర. "వచ్చేసిందండి. ఆయ్."

"ఓవర్ అనాలిరా."

"ఆయ్, ఓవరండి."

విన్నవెంటనే అనుమానం వచ్చింది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలిదానికంటే ఎక్కువ దూరం వెళ్లాలి. అందుకే ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. దానికొక దుర్గుణం ఉంది. ఒక చక్రం బురదలో పట్టు తప్పితే అదే తిరుగుతుంది, రెండోది నిలబడిపోతుంది. అలా జరగకుండా ఈ బండి వెనక ఇరుసులో లిమిటెడ్ స్లిప్ రకం అమర్చారు. లోపల పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ రెండు చక్రాలనూ కొంతమేర కలిపి పట్టుకుంటాయి. అది బాగుంటే కుడి చక్రం చూస్తూ కూర్చోదు.

సాయంత్రం ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, వెనక కుడి చక్రాన్ని జాకీతో లేపాను. ఎడమది నేల మీదే ఉంచాను. ఫోర్‌వీల్ డ్రైవ్ తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలాం. పలకలకు పట్టుంటే, లేపిన చక్రం ఊరికే కదలదు. ఎంత బలానికి కదులుతుందో కొలవడానికి టార్క్ రెంచి తెచ్చాను. దానితో పనిపడలేదు. డ్రైవరు ఒక్క వేలితో తోశాడు. చక్రం తిరిగింది.

"రంగులరాట్నమండీ," అన్నాడు.

నూనె బిరడా విప్పి వాసన చూశాను. "ఇందులో ఏం పోశార్రా?"

"మందండి. మీరు సెలవులో ఉన్నారప్పుడు. తనిఖీకి ముందు మైదానంలో బండి తిప్పి చూసేరండి. మలుపులో వెనకాల టకటకమందండి. పెద్దసారు వింటే కొంప మునుగుద్దని సుబేదారుగారు ఓ సీసా పోయించేరు. ఇంకా కొంచెం మోత ఉందండి. ఇంకోటి పోయించేరు. మూడో సీసాకి పిల్లిలా నడిచిందండి. ఆయన సంతోషించి నాకు టీ కూడా ఇప్పించేరండి."

మా దగ్గర తనిఖీ అంటే రాళ్లకు సున్నం, చెట్ల మొదళ్లకు ఎర్రమట్టి, టైర్లకు నల్లరంగు. వచ్చినవాడి కంటికీ చెవికీ ఏదీ తగలకూడదు. ఆ ఇరుసులో మామూలు గేరు నూనె పోశారు. పలకలు మోత పెట్టాయి. నూనె మార్చాల్సింది. మార్చలేదు. పలకలు మెత్తగా జారడానికి కొలతగా కలపాల్సిన మందును మూడింతలు పోశారు. మోత పోయింది. దానితో పట్టూ పోయింది.

మా దళం కెప్టెన్‌కు చెప్పాను. ఇంజనీరింగ్ చదివిన మనిషి. వంగి, చక్రం తనే తిప్పాడు. నేను నోరు తెరవకముందే "పలకలు జారుతున్నాయి" అన్నాడు. తెలియక చేశాడని ఇన్నేళ్లలో కొందరు నాకు నచ్చజెప్పబోయారు. ఆయనకు తెలియక కాదు.

"పూట పని సార్. నూనె దించి, కడిగి, సరైనది పోస్తాను. అప్పటికీ పట్టు రాకపోతే బండి పక్కన పెడదాం."

"రేపు పెద్దలొస్తున్నారు. వరుసలో ఖాళీ కనపడకూడదు."

"వరుసలో నిలబెడదాం సార్. గట్టు మీదికి వద్దు."

"నీళ్లడబ్బాలతో ఫోటోలు తీశాక అవి పల్లెకు వెళ్లకపోతే బాగుంటుందా? మెల్లగా నడపమను."

మర్నాడు పెద్దలొచ్చారు. గొడుగుల కింద నిలబడ్డారు. వెళ్లిపోయారు. బండి వానలోనే గట్టు మీదికి బయల్దేరింది. నేను రేడియో దగ్గరే కూర్చున్నాను.

"గురువుగారూ, బ్రేకు కిటుకు పారట్లేదండి. ఎడంపక్క గట్టు మెత్తబడిపోయింది. చక్రం తవ్వేస్తోందండి. అందర్నీ దింపేసేను. ఓవర్."

"నువ్వూ దిగు. ఓవర్."

"బ్రేకు మీంచి కాలు తీస్తే జారిపోద్దండి. రాళ్లెడుతున్నారు. పెట్టేయగానే దిగుతానండి."

ఓవర్ అనలేదు.

గట్టు అంచు విరిగిపడి బండి ఎడమవైపుకు కాలువలో పడింది. వాడు లోపలే ఉన్నాడు.

విచారణలో డ్రైవరు అతివేగంగా నడిపాడని తేల్చారు. సాక్షిగా పల్లె నుంచి ఒక జాలరి ఆవిడ వచ్చింది. చక్రం కింద రాళ్లు పెట్టినవాళ్లలో ఆవిడ ఒకతె. ఆవిడ మాటలు హిందీలో చెప్పే పని నాది.

"ఆగిపోయిన బండికి స్పీడేంటండీ బాబూ? ఆ అబ్బాయి నన్ను జరుగు జరుగమ్మా అని అరిచేడండి. నేను జరిగేను. ఆడు జరగలేదు."

ఒక్క మాట వదలకుండా చెప్పాను. ఆవిడకు బండి నడపడం తెలుసా అని అడిగారు. తెలియదంది. పంపేశారు. నేను మూడు సీసాల సంగతి చెప్పాను. సుబేదారు నేల చూశాడు. కెప్టెన్ నా వైపే చూస్తూ, "బండి తనిఖీలో పాసైంది" అన్నాడు. నిజమే. పాసైంది. మోత లేదు కదా.

దళం తిరిగి వెళ్లేముందు వాడి ట్రంకుపెట్టె ఇంటికి చేర్చే పని నేనే అడిగి తీసుకున్నాను. కప్పు లేని ఇంటి ముందు వాళ్ల బావ పెట్టె అందుకున్నాడు. ఊళ్లో ట్రాక్టరు తోలే మనిషి. మంచినీళ్లిచ్చి, నేను తాగేదాకా ఆగాడు.

"స్పీడుగా తోలేడని కాయితం వచ్చిందండి. నిజమేనాండీ?"

"కాదండి. బండి దిగబడిపోయింది. ఒక్క చక్రమే తిరిగింది."

"మా ట్రాక్టరు దిగబడితే లాకు పెడల్ తొక్కుతామండి. రెండు చక్రాలూ కలిసి లాగుతాయి. మిలటరీ బండికి అలాంటిది లేదాండీ?"

"ఉందండి. పనిచెయ్యలేదు."

"పనిచెయ్యదని తెలిసే పంపేరాండీ?"

"ఆయ్," అన్నాను.

ఆయన పెట్టె ఎత్తుకుని లోపలికి వెళ్లాడు. తిట్టినా బాగుండేది.

పింఛనుతో ఇంటికొచ్చి చాలా ఏళ్లయింది. తుపాను మరిచిపోయాను, వాన మరిచిపోయాను. ఒకటి మాత్రం పోదు. ఆ రోజు క్రేన్‌తో బండిని కాలువలోంచి లేపారు. వెనక చక్రం నిండా కాలువలో పెరిగే గుర్రపుడెక్క చుట్టుకుని ఉంది. బండి గాలిలో కొద్దిగా ఊగింది. ఆ ఊపుకే చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఆగకుండా, నీళ్లు కార్చుకుంటూ తిరిగింది. కొంచెం కూడా శబ్దం లేదు.