నాలుగో జ్వరం దిగేదాకా

ఏరియూరు పక్కన మాదేష్ పట్టుపురుగుల కొట్టంలోకి అడుగుపెడితే బయటి ఎండని ఎవరో ఆర్పేసినట్టు ఉంటుంది. తడి గోనెపట్టాల్లోంచి చల్లగాలి, మల్బరీ ఆకు వాసన, తట్టల నిండా పురుగులు. ఆ రోజు అవన్నీ తలలు పైకెత్తి, తడి పీల్చడానికి చల్లిన సున్నం పొడి కింద కలగంటున్నట్టు కదలకుండా ఉన్నాయి. పాత చర్మం విడిచే ముందు పురుగు ఇలా మేత మాని నిద్రపోతుంది. అక్కడివాళ్లు దాన్ని జ్వరం అంటారు. ఇది నాలుగోది, ఆఖరుది.

గొర్రెల వెంట పెరిగిన మాదేష్‌కి ఆకలిగొన్న నోరు కనబడితే చెయ్యి ఆగదు. పోయిన పంటలో ముందు లేచిన పురుగులు తలలాడిస్తుంటే జాలిపడి ఆకు వేసేశాడు. అవి ఎదిగిపోయాయి, నిద్రలో ఉన్నవి ఆ ఆకు కిందే ఉండి వెనకబడ్డాయి. సగం గూడు అల్లుతుంటే సగం ఇంకా మేస్తున్నాయి. పంట పాడైంది. ఈసారీ అంతే అయితే మల్బరీ పీకించేస్తానని పెళ్లాం పంచవర్ణం తేల్చి చెప్పింది.

ఇప్పుడూ అక్కడక్కడ కొన్ని లేచాయి. మాదేష్ చంకలో ఆకు మోపు.

“పావం, వాటికి ఆకలి మ్మా,” అన్నాడు కూతురితో.

ధర్మపురిలో బయోటెక్నాలజీ చదివే తనుజ మోపు లాక్కుంది. “మల్లా అమ్మతో తిట్లు తినాలనా నాయనా?”

“ఒకటి లేస్తే ఒకటి లేవకపోయె. లోపల ఎవురు లేపుతారే వీటిని?”

“ఉండారులే, కంటికి కనపడరు. జీను ‘ఇంకా పిల్లగానే ఉండు’ అని కణంలోకి చీటీ పంపిస్తాది. చిట్టి ఆర్‌ఎన్‌ఏ ఒకటి పోయి ఆ చీటీకి అతుక్కుంటాది. ఇంక ఆ మాట సాగదు. జీను ఆడనే ఉంటాది, మాట మాత్రం ఆగిపోతాది. అట్లాంటి చిట్టి ఆర్‌ఎన్‌ఏ ఒకదాన్ని ల్యాబులో అడ్డుకుంటే పురుగు చర్మం విడవలేక నడిమధ్యనే ఇరుక్కునింది.”

“అంటే ఇప్పుడు లోపల ‘చాలు, చాలు’ అంటా ఉండాయా?”

“హార్మోన్లు పిలుస్తాయి, ఇవి పాత మాటల్ని నిద్రపుచ్చుతాయి. దేని టైము దానిది.”

మాదేష్ తట్ట పక్కన కూలబడ్డాడు. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. ఆ మసక చలువలో, ప్రతి పురుగులోనూ, పురుగులోని ప్రతి చిన్న గదిలోనూ ఎవరో మెల్లగా ఒక చీటీ మడిచేస్తున్నట్టు అనిపించింది. కళ్లు మూస్తే తనూ ఆ గదుల్లో తిరిగాడు. ఎక్కడా తొందర లేదు.

“ఏమయ్యా, పురుగులకి జ్వరమా నీకా?” వాకిట్లో పంచవర్ణం.

“అన్నీ లేచినాకే ఆకు పెడతా.”

“నువ్వా? మా అమ్మగారింటి కోడి కూడా నమ్మదు.”

ఎదురుగా ఒక పురుగు తల ఆడించింది. మాదేష్ మొహం తిప్పుకున్నాడు, చెయ్యి మాత్రం బయటికి తీయలేదు.

పొద్దు వాలేసరికి తట్టలన్నీ కదిలాయి. విడిచిన చర్మాలు సున్నంలో బూడిదరంగు పొట్టులా మిగిలాయి. పంచవర్ణం తట్ట తట్టా వంగి చూసింది. అన్నీ ఒక్క ఈడువే. మోపు విప్పి, సగం ఆకు మొగుడి ఒళ్లో వేసింది.

“చూస్తా ఉండావేంది? రేపట్నించి దీనికి రెండింతలు కోయాల.”