పరదా బండిలో ఆరో చెయ్యి

మా బడిలో చదివినవాళ్లలో పెద్దపేరు తెచ్చుకున్నది ఎవరని అడిగావు కదా, రాసుకో బిడ్డా. పేర్లు మాత్రం అడక్కు. ఒకామె ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పింది. ఇంకొకామె భర్త పోయాక ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం దుకాణం తనే కూర్చుని నడిపింది. కానీ అందరికంటే ముందు చెప్పాల్సింది మా పాలవాళ్ల పిల్ల గురించి.

అప్పట్లో మొఘల్‌పురా ఆడపిల్లలం బడికి నడిచి వెళ్లేవాళ్లం కాదు. బడివాళ్లే చుట్టూ మందపాటి పరదా కట్టిన ఎద్దుబండి పంపేవాళ్లు. మా బండిలో ఆరుగురం. ముందు, బండివాడి పక్కన ఆయమ్మ కూర్చునేది. వీధిలో పరదా ఎత్తకూడదు. పైగా ఆమె భారీ మనిషి, ఎక్కీ దిగీ చూడలేదు. అందుకని మా ఇంటి ముందు అందరం ఎక్కాక "చేతులు!" అని కేకేసేది. పరదా సందులోంచి తలా ఒక చెయ్యి బయటపెట్టాలి. ఆరు చేతులు లెక్కకొస్తే బండి కదిలేది.

పాలవాళ్ల పిల్ల ఏనాడూ ఆ వేళకు అందుకునేది కాదు. తెల్లవారకముందే లేచి బర్రెలు పిండి, ఇళ్లకు పాలు పోసి రావాలి. ఆమె బదులు నా రెండో చెయ్యి పెట్టేదాన్ని. గల్లీ చివర తొట్టి దగ్గర ఎద్దు నీళ్లు తాగేలోపు ఆమె వెనకనుంచి చప్పుడు కాకుండా ఎక్కేది, ఒంటినిండా పచ్చిపాల వాసనతో.

"జరుగవే దొరసానీ" అని నన్ను మోచేత్తో పొడిచి, దారంతా నా లెక్కల్లో తప్పులు దిద్దేది.

ఆమె వదిన కాన్పు కష్టమై చనిపోయింది. మగ డాక్టరును ఇంట్లోకి రానివ్వలేదు. అప్పటినుంచీ ఈ పిల్లకు ఒకటే పట్టు, మెట్రిక్ పాసై దవాఖానలో నర్సు పని నేర్చుకోవాలని. వాళ్ల నాన్న ఒక్కసారి పరీక్షకు ఒప్పుకున్నాడు. తప్పితే మళ్లీ పాలకుండే.

ఆ పరీక్ష మా బడిలో కాదు, మూసీ అవతల ఇంకో బడిలో. మొదటిరోజే లెక్కలు. "చేతులు!" అనగానే అలవాటుగా రెండూ పెట్టేశాను. బండి మాత్రం ఎప్పటిలా ఎడమకు కాకుండా కుడికి తిరిగింది. నదికి అదే దగ్గర దారి. నీళ్లతొట్టి ఎడమవైపే ఉండిపోయింది. ముందురోజు ఈ సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అరవొచ్చు కదా అంటావు. అరిస్తే ఇన్నాళ్ల దొంగలెక్క బయటపడుతుంది, మా నాన్న చదువు మాన్పిస్తాడు. నోరు మూసుకుని కూర్చున్నాను. వంతెన కూడా దాటాం. ఉన్నదున్నట్టే రాయి, నన్ను మంచిదాన్ని చెయ్యకు.

గంట కొట్టేముందు గేటు దగ్గర లొల్లి. పాలవాళ్ల తల్లీకూతుళ్లు పరుగెత్తుకొచ్చారు. తల్లి నెత్తిమీద పాలకుండ అలాగే ఉంది. చౌకీదారు అడ్డం నిలబడ్డాడు. పరీక్షకని మాతో వచ్చిన మా పెద్ద టీచరమ్మ ఆయమ్మను పిలిచి సంగతేమిటని అడిగింది.

"నేను ఆరు చేతులు లెక్కవెట్టిన అమ్మా! గీ పిల్ల బండెక్కి, నడుమ యాడనో దిగిపోయింది. గిట్లాంటి బద్మాష్ పిల్లను నేను జూడలే!"

"ఏం మాటలే అవి?" తల్లి మీదికొచ్చింది. "నా బిడ్డ ఎక్కనే లేదు, ఇగ యాడ దిగుతది? పొద్దుగాల సంది నా పక్కనే బర్రెల కాడ ఉండె!"

"మరి ఆరో చెయ్యి ఎవలది? దయ్యందా?"

పాలవాళ్ల పిల్లకు తెలుసు. అయినా నా వైపు చూడలేదు, నా పేరెత్తలేదు. పరదా బండి దిగి ఎటో పోయిన పిల్ల అన్న మాట పడితే పరీక్షే కాదు, బడే పోతుంది ఆమెకు. ఇక నావల్ల కాలేదు.

"నాదే అమ్మా. రోజూ నేనే పెడుతున్న. ఆమె తొట్టి కాడ ఎక్కుతది."

ఆయమ్మ నోరు తెరిచింది. "ఓ అమ్మో! రెండు చేతులు బయటవెట్టినవ్, నోరు యాడ దాసినవే?"

టీచరమ్మ మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "లొల్లి చాలు. ముందుగాల పోయి రాయుండ్రి. మీ సంగతి మల్ల జూస్త."

ఆమె పాసైంది. నేను లెక్కల్లో తప్పాను, నాన్నకు తెలిస్తే ఏమవుతుందోనని తలుచుకుంటూ సగమే రాశాను మరి. ఆయమ్మ మా నాన్నతో ఏమీ చెప్పలేదులే, చెబితే తన కొలువూ పోయేది. పాలవాళ్ల పిల్ల దవాఖానలో చేరేదాకా రోజూ మా ఇంటికొచ్చి నాకు లెక్కలు చెప్పింది. మరుసటేడు నేనూ గట్టెక్కాను.

నర్సయ్యాక ఆమె తిరగని గల్లీ లేదు. మగ డాక్టరు అడుగుపెట్టని ఇళ్లన్నిటికీ ఆమే వెళ్లేది. ఆడపిల్ల పుట్టిందని ఇంట్లోవాళ్లు మొహాలు వేలాడేస్తే వాళ్లను నిలబెట్టి కడిగేసేది.

నా మొదటి కాన్పుకూ ఆమే వచ్చింది. మీ అమ్మ పుట్టింది. బొడ్డు కోసి, గుడ్డలో చుట్టి, బిడ్డను తన దగ్గరే పట్టుకుని నిలబడింది.

"ఏమే, దీన్ని బడికేస్తవా?"

"ముందుగాల నా ఒళ్లె పెట్టవే, జర మొఖం జూడనియ్యి."

"ఏస్తవా, ఎయ్యవా?"

"ఏస్తనే తల్లీ, ఏస్త!"

అప్పుడిచ్చింది మీ అమ్మను నాకు.